పగటి నిద్ర

నేను పగలు పడుకునే మనిషిని. నర్సు పనిలోకి వచ్చి 20 ఏళ్లు దాటింది, నెలలో సగం రోజులు నైట్లే. రాత్రి 8కి ఎక్కి పొద్దున 8కి దిగుతాను. పేషెంట్లను తర్వాతి షిఫ్టు వాళ్లకు అప్పజెప్పి, మెట్రో పట్టుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. ఇంత ఉప్మా తిని వాలితే సాయంత్రం నాలుగింటి దాకా నిద్రపోవాలన్నది లెక్క. ఇప్పుడున్న ఫ్లాటులో మొదటి ఎనిమిదేళ్లలో ఆ లెక్క సరిగ్గా కుదిరింది రెండు నెలలు మాత్రమే. అదెప్పుడో తర్వాత చెబుతాను.

మా ఫ్లాటు హైదరాబాద్ కొత్తపేటలో, విజయవాడ రోడ్డును ఆనుకుని, రెండో అంతస్తులో ఉంది. మాది సూర్యాపేట వైపు. మా దిక్కు నుంచి పట్నం వచ్చినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్యనే ఎక్కువగా స్థిరపడతారు. మెట్లు దిగితే ఊరి బస్సు ఎక్కేయొచ్చని మావాళ్ల ఆలోచన. 2015లో మేమూ అదే ఆలోచనతో కొన్నాం. బస్సు దగ్గరైతే దాని హారనూ దగ్గరేనని అప్పుడు తట్టలేదు. ఇల్లు చూడటానికి వెళ్లింది ఆదివారం మధ్యాహ్నం, రోడ్డు మీద జనమే లేరు. ఫ్లాటు చూడాలంటే సోమవారం పొద్దున వెళ్లండని ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను.

పడకగది కిటికీకి కాస్త పక్కగా యూటర్న్ ఉంది. అక్కడ తిరిగే బండి ఆగుతుంది. వెనకున్న బండి హారన్ కొడుతుంది. దాన్ని చూసి దాని వెనకది కొడుతుంది. ఆగిన బండికి కదలడానికి చోటు లేదని ముగ్గురికీ తెలుసు. దూరం పోయే ప్రైవేటు బస్సులవి సాగదీసే ఎయిర్ హారన్లు. సైలెన్సర్ మార్చిన బుల్లెట్లు పోతే రొమ్ములో దడ పుడుతుంది. పదింటి తర్వాత మైకు ఆటోలు మొదలు: ఒకడు ఉల్లిగడ్డలు, ఒకడు పాత సామాన్లు. అది రికార్డు చేసిన గొంతు. మనిషే అరిస్తే మధ్యలో ఊపిరైనా తీసుకుంటాడు, దానికి ఆ అవసరం లేదు. ఎండాకాలం దగ్గర్లోని పండ్ల మార్కెట్‌కు మామిడికాయల లారీలు వచ్చేవి. 2021లో మార్కెట్ బాటసింగారం తరలింది గానీ, లారీలు ఖాళీ చేసిన జాగాలోకి కార్లు వచ్చి చేరాయి. మెట్రోను మాత్రం నేను తిట్టుకోలేదు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా రైళ్లు మొదలైన కొత్తలో భయపడ్డాను. కానీ అది ఒకే తీరు ఒరిపిడితో వచ్చి పోతుంది, దానికి అలవాటు పడ్డాను. హారన్‌కు అలవాటు పడటం నావల్ల కాలేదు, అది ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి.

పడుకున్న వెంటనే నిద్ర పట్టేది, ఒళ్లు అంతగా అలిసి ఉండేది. ఇరవై నిమిషాలు గడిచేవో లేదో, ఒక హారన్. వార్డులో మానిటర్ మోగిందనుకుని దిగ్గున లేచి కూర్చునేదాన్ని. ఎక్కడున్నానో తెలిసేలోపు గుండె పరుగు పెట్టేది. మళ్లీ వాలితే ఇంకో అరగంట. అలా ముక్కలు ముక్కలుగా మూడు, మూడున్నర గంటలు పోగేసుకుని రాత్రికి మళ్లీ డ్యూటీకి పోయేదాన్ని. గిన్నె కింద పడేసినందుకు బిడ్డ మీద అరిచేదాన్ని. మా ఆయన ఫోన్ మాట్లాడటానికి మెట్ల మీదకు వెళ్లేవాడు. 41వ ఏట బీపీ మాత్ర మొదలైంది. అది ఈ గోల వల్లే వచ్చిందని చెప్పలేను, మా అమ్మకూ ఉంది.

చెయ్యని ప్రయత్నం లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నాను, దానివల్ల ఏమీ కాలేదు. నురగలాంటి ఇయర్‌ప్లగ్‌లు కొంత పనిచేశాయి. వారానికి ఆరు పగళ్లు పెట్టుకునేసరికి కుడి చెవిలో పుండు పడి, ఈఎన్‌టీ డాక్టరు వాటిని మానిపించాడు. దళసరి పరదాలు వేయిస్తే గది చీకటైంది తప్ప శబ్దం తగ్గలేదు. ఎవరో చెప్పారని కిటికీకి థర్మకోల్ పలకలు అడ్డం పెట్టాం. అత్తమ్మ పక్కింట్లో అడిగి కోడిగుడ్ల అట్టలు తెచ్చింది, అవీ అంటించాం. నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వు రాలేదు. తర్వాత తెలిసింది, అలాంటి తేలిక సామాను గదిలోపలి ప్రతిధ్వనిని కొంచెం మింగుతుందేమో గానీ బయటి శబ్దాన్ని ఆపలేదు. ఆపాలంటే అడ్డం పెట్టినదానికి బరువు ఉండాలి.

ఆ రెండు నెలలు 2020 ఏప్రిల్, మే. లాక్‌డౌన్‌లో రోడ్డు మీద అంబులెన్సులూ పోలీసు బండ్లూ తప్ప పెద్దగా ఏమీ తిరగలేదు. కోవిడ్ వార్డులో పీపీఈ కిట్‌లో రాత్రంతా చెమటలో నానిపోయి, ఇంటికొచ్చి వరండాలోనే బట్టలు విప్పి బకెట్‌లో వేసి, ఎవరినీ ముట్టకుండా గదిలోకి పోయి పడుకునేదాన్ని. రేపు ఏమవుతుందోనన్న భయం ఉండేది. ఆ భయంలో కూడా ఒళ్లు తెలియకుండా ఆరు గంటలు నిద్రపోయాను. ఒకరోజు సాయంత్రం కోయిల అరుపుకు మెలకువ వచ్చింది. మా కిటికీ ముందు కోయిల ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. నాకేదో నిద్రలేమి జబ్బు ఉందనుకునేదాన్ని. జబ్బు నాలో లేదని అప్పుడు తేలిపోయింది. జూన్‌లో సడలింపులు పెరిగాయి, యూటర్న్ దగ్గర మళ్లీ మొదలు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. 2022 ఎండాకాలం, వరసగా ఐదో నైట్, తెల్లవారుజాము నాలుగు దాటింది. షుగర్ పేషెంటుకు ఇన్సులిన్ ఇవ్వాలి. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఇంకొకటి 100 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 మందును ఎర్ర మూత సిరంజిలో గీతలు చూసి ఎక్కిస్తే పోవాల్సిన దానికి రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. షుగర్ పడిపోయి మనిషి పోవచ్చు కూడా. ఈ మాట కొత్త పిల్లలకు ఎన్నోసార్లు నేర్పినదాన్ని నేను. ఆ వేళ నా చేతిలో ఉన్నది 100 మందు, ఎర్ర మూత సిరంజి. ఇన్సులిన్‌ను ఇద్దరు చూశాకే ఇవ్వాలని నియమం ఉంది కాబట్టి జూనియర్ అమ్మాయికి చూపించాను. ఆమె ఒక్క క్షణం ఆగి, మెల్లగా "అక్కా, మూత ఎర్రది" అంది. పారేసి, కొత్తది తీసి, ఇచ్చాను. పేషెంటుకు ఏమీ కాలేదు. జరిగింది రాసి ఇన్‌చార్జికి ఇచ్చాను. బాత్రూములోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను.

కిటికీ మార్చాల్సిందేనని ఇంటికొచ్చి చెప్పాను.

మాది అప్పటిదాకా బిల్డరు పెట్టిన అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. రెక్క ఊపితే గలగలమనేది. పేరున్న దుకాణానికి వెళ్లాం. సౌండ్‌ప్రూఫ్ అంటే యూపీవీసీ అన్నాడు దుకాణదారు. తెల్లటి ప్లాస్టిక్ ఫ్రేములు, 5 మిల్లీమీటర్ల గాజు, దోమల జాలీ, అన్నీ స్లైడింగే. పడకగదికీ హాలుకూ కలిపి 31 వేలు. బిగించిన రోజు ఇల్లు కొత్తగా కనిపించింది. మర్నాడు పొద్దున పది గంటలకు ఉల్లిగడ్డల ఆటో వచ్చింది. కిలో ఎంతో కూడా స్పష్టంగా వినిపించింది.

ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకున్నాను. దాని అంకె కచ్చితమైనదేమీ కాదు, కానీ ముందుకూ తర్వాతకూ తేడా తెలుస్తుంది. బాల్కనీలో 75 డెసిబెల్స్ దాకా ఉండేది, హారన్ పడితే 90కి ఎగబాకేది. గదిలో పాత కిటికీ మూసినప్పుడు 60 దరిదాపుల్లో ఉండేది. కొత్త కిటికీ మూస్తే 56. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సుమారు సగమైనట్టు అనిపిస్తుందంటారు. మా 31 వేలకు వచ్చింది నాలుగు. దుకాణానికి ఫోన్ చేస్తే "మేడమ్, సౌండ్‌ప్రూఫ్ అంటే సౌండ్ పూర్తిగా రాదని కాదు గదా" అన్నాడు. మరి ఏమని అర్థమో చెప్పలేదు.

దారి చూపించింది ఒక మేస్త్రీ. మా ఆయన పనిచేసేచోట అద్దాల పార్టిషన్లు వేయడానికి వచ్చాడు. కృష్ణానగర్ వైపు డబ్బింగ్ థియేటర్లలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. ఇంటికి పిలిపిస్తే వచ్చి కొలతలు తీయలేదు, ముందు అగరుబత్తి అడిగాడు. ఫ్యాను ఆపించి, కిటికీ మూసి, వెలిగించిన అగరుబత్తిని రెక్క అంచుల వెంట మెల్లగా నడిపించాడు. రెండు రెక్కలు కలిసే చోట పొగ లోపలికి వంగింది. కింద పట్టాల దగ్గర, నీళ్లు పోవడానికి పెట్టిన రంధ్రాల దగ్గర వంగింది. ఫ్రేముకూ గోడకూ మధ్య ఒకచోట వంగింది. ఏసీ పైపు పోయే రంధ్రం దగ్గర అయితే నిప్పు కూడా ఎర్రబడింది.

"చూసిన్రా మేడమ్. గాలి జొరబడ్డ కాడల్లా సప్పుడు జొరబడ్తది. మీరు అద్దానికి పైసలు పెట్టిన్రు. సందులు అట్లనే ఉన్నయి" అన్నాడు.

స్లైడింగ్ రెక్క జరగాలంటే అంచున వదులు ఉండాలి. ఆ వదులును పూడ్చేది కుచ్చులాంటి చిన్న బ్రష్షు మాత్రమే. దుమ్మును ఆపుతుంది గానీ శబ్దాన్ని ఆపదు. తలుపులా తెరుచుకుని మూసుకునే రెక్క అయితే రబ్బరు మీద ఒత్తుకుని కూర్చుంటుంది. గాజు సంగతీ చెప్పాడు. ఒక్కో మందం గాజుకు ఒక్కో బలహీనత ఉంటుందట, ఒక శ్రుతి దగ్గర అది అడ్డుకోవడం మాని తానే వణుకుతుంది. 6 మిల్లీమీటర్ల గాజుకు అది 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల. మన చెవి బాగా పట్టుకునే శ్రుతులు మొదలయ్యేదీ ఆ దగ్గరే. అందుకే రెండు గాజుల మధ్య పీవీబీ అనే మెత్తటి పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు వాడతారు. కారు ముందు అద్దం ఇలాంటిదే. ఆ పొర వణుకును చంపేస్తుంది. రెండు అద్దాల మధ్య అర అంగుళం ఖాళీ ఉన్న డబుల్ గ్లేజింగ్ గురించి నేను అడిగాను. అది ఎండకు మంచిదన్నాడు. రోడ్డు మోతకు ఆ ఖాళీ చాలదట, రెండు అద్దాల నడుమ బెత్తెడైనా ఉండాలట.

కాబట్టి కొన్నది పారేయక్కర్లేదన్నాడు. బయటి అంచున యూపీవీసీ కిటికీ అలాగే ఉంచి, తొమ్మిదంగుళాల గోడలో లోపలి అంచున ఇంకో కిటికీ పెట్టాడు. రెండింటికీ మధ్య నాలుగంగుళాలు. లోపలిది రెండు రెక్కలు, 5, 5 మిల్లీమీటర్ల గాజులు అతికించిన లామినేటెడ్. ఒక్కో రెక్క 20 కిలోల పైనే తూగింది, ఇద్దరు మోయాల్సి వచ్చింది. చుట్టూ ఎక్కడా తెగకుండా ఈపీడీఎం రబ్బరు వేసి, మూలల దగ్గర కోసి అతికించాడు. పిడి తిప్పితే మూడు చోట్ల గొళ్లెం పడి రెక్కను రబ్బరు మీదకు లాగుతుంది. ఫ్రేము వెనక ఫోమ్ నింపి, పైన సిలికాన్ పూశాడు. ఏసీ పైపు రంధ్రం మూశాడు. పని అయిపోయిందనుకుని నేను డబ్బులు లెక్కపెడుతుంటే, బాత్రూములో గాజు పలకల వెంటిలేటర్ చూసి ఆగిపోయాడు. పడకగదిలోనే ఉన్న ఆ బాత్రూము తలుపు కింద రెండు వేళ్ల సందు. హారన్ అటు తిరిగి వస్తోందన్నమాట. తలుపు కింద రబ్బరు పట్టీ వేశాడు. మొత్తం 34 వేలు. 2023 ఫిబ్రవరి.

మర్నాడు పొద్దున వచ్చి, బయటి రెక్క మూసి, లోపలి రెక్క పిడి తిప్పాను. యాప్ 38 చూపించింది. మంచం మీద కూర్చుని యూటర్న్ వైపు చూశాను. బస్సు డ్రైవరు చెయ్యి హారన్ మీద ఉంది. టీవీలో సౌండ్ తగ్గించి సినిమా చూసినట్టుంది. అయితే నిద్ర వెంటనే పట్టలేదు. గోడ గడియారం టిక్కుటిక్కు, ఫ్యాను బేరింగు కిర్రు, పైఫ్లాటులో మంచం జరిపిన రాపిడి, ఇన్నాళ్లూ రోడ్డు కప్పేసినవన్నీ బయటికొచ్చాయి. గడియారం తీసి హాల్లో పెట్టాను. లేచేసరికి నాలుగూ ఇరవై. మధ్యలో ఒక్కసారీ లేవలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. రెండు వారాల తర్వాత, పొద్దున పదకొండు గంటలప్పుడు అత్తమ్మ వంటింటి గడప దగ్గర జారి పడింది. ఇంట్లో మేమిద్దరమే. ఆమె పిలిచింది. నా గది తలుపు మూసి ఉంది, ఆ తలుపుకు కూడా కింద రబ్బరు పట్టీ నేనే అడిగి వేయించుకున్నాను. అరగంట తర్వాత చెత్త తీసుకుపోయే ఆమె బెల్లు కొట్టింది. అదీ నాకు వినపడలేదు. లోపల మూలుగు విని, పక్కింటామె దగ్గర ఉన్న తాళంచెవితో తలుపు తీయించి, నన్ను లేపింది. మణికట్టు విరిగింది. రోజంతా ఊళ్లోవాళ్ల మూలుగులు వినడానికి జీతం తీసుకునేదాన్ని, ఇంట్లో అరగంట వినలేదు. కట్టు కట్టించుకుని వచ్చాక అత్తమ్మ అన్న మాట: "రెండుసార్లు పిలిచిన బిడ్డా. నిద్రల ఉన్నవని ఇగ పిలువలే."

ఆ వారం లోపలి రెక్క మూయలేదు. మళ్లీ ముక్కల నిద్ర. తర్వాత మా బిడ్డే ఉపాయం చెప్పింది. వైరు లేని కాలింగ్ బెల్లు తెచ్చి, మీటను తాడుతో అత్తమ్మ మెడలో వేశాం. గంట నా తల దగ్గర పెట్టుకున్నాం. గుమ్మం బెల్లుకూ ఇంకో గంట గదిలో పెట్టించాం. శబ్దాన్ని ఆపే కిటికీ ఏది కావాలో ఏది వద్దో ఎంచదు. ముసలివాళ్లో పసిపిల్లలో ఉన్న ఇంట్లో ఇది కిటికీ కంటే ముందు చూసుకోవాల్సిన సంగతి, ఏ దుకాణంలోనూ చెప్పరు.

మిగిలిన ఇబ్బందులు చిన్నవే. అన్నీ బిగిస్తే గాలి ఆడదు. మొదటి ఏప్రిల్‌లో తలనొప్పితో లేచేదాన్ని. ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలి తేదు. ఇప్పుడు పడుకోబోయే ముందు అరగంట రెక్కలు తీసి పెడతాను, హాలు వైపు తలుపు ఓరగా ఉంచుతాను. కరెంటు బిల్లు పెరిగింది. రెండు కిటికీల మధ్య చేరే దుమ్మును నెలకోసారి తుడవాలి.

దేనికీ లొంగనిది డీజే. హారన్ సన్నటి శ్రుతి, దాన్ని గాజు ఆపుతుంది. డీజే లోతు దెబ్బ గోడను, స్లాబును పట్టుకుని వస్తుంది, ఎంత గాజు వేసినా దానికి లెక్కలేదు. గణేశ్ నిమజ్జనం రోజుల్లో నైట్ డ్యూటీ పడితే నేను పోయి హాస్టల్‌లో ఉండే స్నేహితురాలి గదిలో పడుకుంటాను.

చట్టం ఏమంటుందో కూడా చదివాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో బయట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రంటే 10 నుంచి పొద్దున 6 దాకా, ఆ వేళల్లో ఆరుబయట లౌడ్ స్పీకర్లు నిషేధం. పాత కిటికీ మూసుకున్నా మా గది లోపల ఉన్నది బయటి పరిమితి కంటే ఎక్కువే. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, అక్కడ పగలు 50. పేషెంటు నిద్రకు చట్టంలో చోటుంది, కాగితం మీదైనా. ఆ పేషెంటును రాత్రంతా చూసుకున్న మనిషి పగటి నిద్రకు కాగితం మీద కూడా లేదు. నా గదిలో ఆ నిద్రను నేను 34 వేలు పెట్టి కొనుక్కున్నాను, మొదటి 31 వేలు కాక. మా ఆసుపత్రి సెక్యూరిటీ గార్డు రేకుల ఇంట్లో ఉంటాడు. అతను ఏ కిటికీ కొంటాడు?

రాత్రంతా బస్సు నడిపి పొద్దున ఎల్బీనగర్‌లో దిగే డ్రైవరు కూడా ఏదో గదిలో పగలే పడుకుంటాడు. అతని కిటికీ కింద ఇంకొకరు హారన్ కొడుతూనే ఉంటారు. మీ వీధిలో పగటిపూట పరదాలు వేసి ఉన్న కిటికీ కనిపిస్తే, దయచేసి దాని కింద హారన్ కొట్టకండి.